తమ్ముడికి వంగే కారు

పొద్దున్నే తమ్ముడు ఉతికిన చొక్కా తొడుక్కుని షెడ్డులోకి వచ్చేవాడు. పాత కారు ముందు ఎడమ చక్రం మీదికి వంగి, మెట్టు నేలకి ఆనేదాకా మోకరిల్లేది. అతను ఎక్కి కూర్చున్నాక లేచేది. పెళ్లి కిరాయిలకి జనం ఆ వంగడం చూసే పిలిచేవాళ్ళు. పెళ్లికూతుళ్ళకీ వంగేది, వాళ్ళ మేనత్తలకీ వంగేది, ఆఖరికి దారి అడగడానికి ఆగినవాడికి కూడా వంగేది.

అన్నకి మాత్రం అంగుళం వంగలేదు.

నాన్న పోతూ తాళాలు తమ్ముడి చేతిలో, పానాలు అన్న చేతిలో పెట్టాడు. అప్పట్నుంచీ దాని కింద వెల్లకిలా పడుకుని కళ్ళల్లో గ్రీజు పోసుకుంటున్నది అన్న. దర్జాగా ఎక్కి తిరుగుతున్నది తమ్ముడు.

ఒకరోజు తమ్ముడు వచ్చి, "అన్నయ్యా, గుంటలో పడితే ఎడం పక్క టకటకమంటోంది. కాస్త చూడు" అన్నాడు.

"నడిపేవాడికి గుంటలు కనపడవా?"

"నీ కళ్ళు నాకెక్కడివి?"

అన్న ముందు మూల మీద బలంగా నొక్కి వదిలాడు. కారు ఒక్కసారి లేచి ఆగింది. అంటే షాక్ అబ్జార్బర్‌ది తప్పు కాదు. చక్రం పట్టుకుని ఊపాడు, వదులు లేదు. కింద దూరి, బరువు మోసే కమాను కట్టలో ఇనప పట్టీలు ఒక్కొక్కటే తడిమాడు, పగులు లేదు. ఆ కట్ట చివరున్న రబ్బరు బుష్ మాత్రం ఒక పక్కే అరిగిపోయింది. వంగీ వంగీ అరిగింది. వాడికి ఎన్ని దండాలు పెడితే ఇంత అరగాలి? అన్నకి ఒళ్ళు మండిపోయింది.

కొత్త బుష్ వేశాడు. అంతటితో ఊరుకోకుండా, మూలన పడున్న లారీ కమాను పట్టీ ఒకటి కోసి కట్టలో ఇరికించి బిగించాడు.

మర్నాడు కారు తమ్ముడి ముందు వంగబోయి, కిర్రుమని ఆగిపోయింది. ఆ పూట అన్న కడుపునిండా తిన్నాడు.

వంగని కారుని ఎవరు పిలుస్తారు? కిరాయిలు ఆగిపోయాయి. కొన్నాళ్ళకి తమ్ముడు మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"అమ్మేస్తున్నా అన్నయ్యా. కొనే ఆయన ఇవాళే వస్తాడు."

"ఎవర్ని అడిగి?"

"నీకెలాగూ అదంటే పడదుగా."

తమ్ముడు అటు వెళ్ళగానే అన్న జాకీతో కారు ఎత్తి, చక్రం ఊడదీసి, కింద దూరాడు. లారీ పట్టీని బయటికి లాగుతుండగా జాకీ జారి పడిపోయింది.

కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. మీద ఏమీ పడలేదు. తెరిచి చూస్తే, పెద్దవాళ్ళు వచ్చినప్పుడు లేచి నిలబడ్డట్టు, కారు మిగిలిన మూడు చక్రాల మునివేళ్ళ మీద నిలబడి ఉంది. ఒళ్ళంతా సన్నగా వణుకుతోంది.

అప్పటికే తమ్ముడూ, కొనే ఆయనా గుమ్మంలో ఉన్నారు. ఆయన కారు వంకా, దాని కింద మనిషి వంకా చూసి, "ఇది నా వెంట వచ్చే బండి కాదులెండి" అని వెనక్కి తిరిగాడు.

తమ్ముడు కింద పడున్న పట్టీ చేతిలోకి తీసుకున్నాడు. "ఇది మన కట్టలోది కాదు కదా అన్నయ్యా."

"కాదు."

తమ్ముడు దాన్ని కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, మూలకి విసిరేశాడు. "సరే, బయటికి రా. జాకీ పెడతాను."

అన్న ఆ జాకీని కాలితో అవతలికి తన్నాడు. "అది లేకపోయినా పర్లేదు. ఆ పెద్ద పానా ఇటివ్వు" అని కింద నుంచే చెయ్యి చాచాడు.