అర దాకా వెళ్లని సంతకం

మా యూనివర్సిటీ లైబ్రరీలో ఒక నియమం ఉంది. చదివిన పుస్తకాన్ని బల్ల మీదే వదిలేయాలి. సాయంత్రం సిబ్బందిమి మేం దాన్ని కంప్యూటర్లో ఎక్కించి, ఆ తర్వాతే అరలో సర్దాలి. ఇంటికి ఇవ్వని పుస్తకాన్ని ఎవరో చదివారనడానికి అదొక్కటే సాక్ష్యం.

వరదల మీద పరిశోధన చేసే ఒకావిడ రెండేళ్లుగా వస్తోంది. మేం చాటున వరదలమ్మ అనుకునేవాళ్లం. పాత వరద నివేదికలు ఐదు సంపుటాలు, ఒక్కోటి రోకటి బండంత. అవే ఆమె లోకం. లేచేముందు వాటిని తనే అరలో సర్ది, బల్ల తుడిచి మరీ వెళ్లేది.

"మీలాంటివాళ్లు నలుగురుంటే చాలమ్మా, మా నడుములు బాగుపడతాయి," అన్నాను ఒకరోజు. ఆమె సంబరపడిపోయి పక్క బల్లల మీదివి కూడా సర్దడం మొదలుపెట్టింది. నియమం చెప్పాల్సినవాణ్ణి, పొగిడి ఊరుకున్నాను. పని తప్పితే ఎవడికి చేదు?

ఈ ఏడాది అరలు చాలక, పదేళ్లుగా ఎవరూ ముట్టని పుస్తకాలు తీసేయమన్నారు. కలుపు తీయడం అంటాం మేము. కలుపు తీసేవాడికి పైరేదో తెలియాలి కదా! కంప్యూటర్ ఎనిమిది వందల పుస్తకాల జాబితా ఇచ్చింది. ఒక్కోదాన్ని అర దగ్గర చూసి సంతకం పెట్టాలి. నేను కుర్చీలోంచి లేవకుండా అన్నిటికీ పెట్టేశాను. లారీ వచ్చి కాగితపు మిల్లుకు ఎత్తుకుపోయింది.

నదీతీరపు ఊళ్లు తిరగడానికి వెళ్లిన ఆవిడ రెండు నెలలకు వచ్చింది.

"అన్నా, నా వరదలు కనబడవేం? అర మార్చారా?"

కంప్యూటర్లో చూశాను. వాడకం సున్నా. తొలగించింది నేను. అదే చెప్పాను.

"సున్నానా? నేను రోజూ..." అని ఆగిపోయింది. "అయ్యో, బల్ల మీద వదలాలని గోడకి రాసే ఉందిగా. నేనే చూసుకోలేదు. తప్పు నాదేనన్నా."

"పోనీలెండమ్మా," అన్నాను, క్షమించేవాడిలా.

ఆ మాటకి నా నోరంటేనే నాకు రోత పుట్టింది. ఆమె అప్పటికే సంచి భుజాన వేసుకుంది.

"తప్పు మీది కాదమ్మా. మీరు సర్దుతుంటే నాకు పని తగ్గుతోంది కదా అని నియమం చెప్పలేదు. జాబితా కూడా చూడకుండానే సంతకం పెట్టాను."

"అంటే, అర దాకా కూడా వెళ్లలేదా?"

"లేదు."

తిట్టినా బాగుండేది. తిట్టలేదు.

ఏడు లైబ్రరీలకు ఉత్తరాలు రాశాను. నాలుగు సంపుటాలు దొరికాయి. ఆమె చివరి అధ్యాయానికి ఆధారమైన ఐదోది ఎక్కడా లేదు. ఆమె అందులోంచి నలభై పేజీలే రాసుకుంది.

ఆ సంగతి చెబితే, నా ఎదురుగా కూర్చుని నోటుబుక్కు తెరిచింది.

"మీరు ఇరవై ఏళ్లుగా ఇక్కడే ఉన్నారుగా అన్నా. ఐదో దాంట్లో ఏముందో కాస్తయినా గుర్తుందా? ఏది గుర్తొస్తే అదే చెప్పండి."

ఇరవై ఏళ్లు దాని దుమ్ము దులిపాను. ఒక్కసారి కూడా తెరవలేదు.

"ఎర్ర అట్టమ్మా," అన్నాను. "బాగా బరువు."

ఆమె కలం పట్టుకుని ఇంకా చూస్తోంది.