ఇరవై ఐదో మనిషి

ఆదిమూలం ఊపిరి బిగబట్టి ఇంకుపెన్నును నిట్టనిలువుగా దించాడు. జనాభా పటంలో సత్యవేడు మండలం మీద మరో చుక్క పడింది. యాభైమందికి ఒక చుక్క.

ఈ పని మొదట కంప్యూటరే చేసింది. చెరువు నడిమధ్యన ఎనిమిది చుక్కలు పెట్టి నాలుగువందల మందిని నిలబెట్టింది. పైవాళ్ళు మండిపడితే ఆఫీసరు విజయ్‌కుమార్ సారు, మూలన కూర్చోబెట్టిన ఆదిమూలాన్ని మళ్ళీ బల్ల దగ్గరికి పిలిచాడు. పిలవాల్సి వచ్చినందుకు ఇప్పటికీ గుర్రుగానే ఉన్నాడు.

ఆదిమూలం మాత్రం తక్కువవాడా? తిరుపతి ఆఫీసులో ముప్ఫై రెండేళ్ళుగా అదే బల్ల, అదే మొండితనం. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. యాభైలో సగం, అంటే ఇరవై ఐదుగురు ఉంటే చుక్క; ఇరవై నాలుగైతే లేదు. పోయిన పటంలో సొంత చెల్లెలు కుప్పమ్మ ఉండే గుట్టకింది పల్లెకు ఇరవై ఇద్దరేనని చుక్క పెట్టలేదు. పటం చూసి నీళ్ళ పైపును పక్క ఊరితోనే ఆపేశారు.

"నీ రూలు కడిగి తాగు పో" అని తిట్టి కుప్పమ్మ మాటలు మానేసింది. పదకొండేళ్ళుగా బిందె మోస్తూనే ఉంది. తప్పు తనదేనని ఆదిమూలానికి తెలుసు. ఒప్పుకోవడానికే నోరు రాలేదు.

ఇప్పుడు పల్లెలో ఇరవై ఐదుగురు. ఆ చుక్కను పొద్దున్నే, అన్నిటికంటే ముందు పెట్టాడు.

విజయ్‌కుమార్ వచ్చి సరిగ్గా దానిమీదే వేలు పెట్టాడు.

"ఇది గీకెయ్. ఆ గుట్ట ఫ్యాక్టరీకిస్తా ఉండారు. చుక్క కనబడితే జనముండారని అడ్డం పడతారు."

"ఉండారు కదా సార్. ఇరవై ఐదు మంది. రూలు రూలే."

"నీ రూలుకొక దండం. సాయంత్రానికి పటం పోవాల" అంటూ కొత్త బ్లేడు బల్లమీద విసిరాడు. ట్రేసింగు కాగితం చిరగకుండా ఇంకు గీకడం ఆ ఆఫీసులో ఆదిమూలానికి ఒక్కడికే వచ్చు.

ఒంటిగంటకు ఫోను మోగింది. కుప్పమ్మ కూతురు లోకేశ్వరి.

"మామా, మాయమ్మ పోయింది. నీళ్ళు తెస్తా దోవలోనే పడిపోయింది."

ఆదిమూలానికి ఏడుపు రాలేదు. తనమీద తనకే అసహ్యం వేసింది.

పక్కనే నిలబడి విన్న విజయ్‌కుమార్ బ్లేడును అతని ముందుకు జరిపాడు.

"అయితే ఇరవై నాలుగే కదప్పా! నీ రూలే. గీకు."

ఆదిమూలం బ్లేడు తీసుకున్నాడు. చుక్క దగ్గరదాకా తెచ్చాడు. బ్లేడు కింద పెట్టి, పెన్నుకు మూత బిగించి, సంచి భుజానికి తగిలించుకున్నాడు.

"యాడికి?"

"మా చెల్లెలింటికి. ఇంక ఆడే ఉంటా. నాతో ఇరవై ఐదు, రాసుకో."

"ఉద్యోగం?"

"నువ్వే చేసుకో."

ముప్ఫై రెండేళ్ళలో ఒక అధికారిని నువ్వు అనడం అదే మొదటిసారి. వెనక కేకలు వినిపిస్తూనే ఉన్నాయి. సత్యవేడు బస్సు కోసం అతను మెట్లు దిగిపోయాడు.

బల్లమీద, చుక్క పక్కనే బ్లేడు పడి ఉంది. దాని అంచుకు ఇంకు అంటలేదు.