వెనక జేబులో మాంసం ముక్క

బొద్దాయన పడ్డానికే పుట్టాడు. నిచ్చెన మీంచి పడతాడు, సున్నం తొట్టిలో పడతాడు, జనం పొట్ట చేత్తో పట్టుకుని నవ్వుతారు. మాటల్లేని పది నిమిషాల హాస్యచిత్రాల్లో ఆయనదే రాజ్యం. ఈసారి ఆయన వెంట కుక్క పడాలి. ఆ కుక్క నల్లోడు, స్వయానా ఆయన బావమరిది పెంచినవాడు.

కిటుకు చిన్నదే. బొద్దాయన ప్యాంటు వెనక జేబులో ఎండు మాంసం ముక్క పెడతారు. నల్లోడు ఎగిరి జేబు పట్టుకుని వేలాడతాడు, ఈయన పెడబొబ్బలు పెడుతూ పరిగెత్తుతాడు. షాటు అయ్యాక ముక్క నల్లోడికి. ఒంటికి పన్ను తగలకుండా గుడ్డ మాత్రమే పట్టుకోవడం బావమరిది ఆరు నెలలు కూర్చుని నేర్పాడు.

ఆరోజు ఆరుసార్లు తీసినా దర్శకుడికి నచ్చలేదు. భోజనాల వేళ దాటిపోయింది. వలపు సిగ్గెరగదంటారు గానీ ఆకలికీ సిగ్గుండదు. ఏడోసారికి ముందు బొద్దాయన గోడచాటుకి వెళ్ళి ఆ ముక్క కాస్తా నమిలేశాడు. ఆరుసార్లు చేసిన కుక్క ఏడోసారి అలవాటు కొద్దీ చేసేస్తుందిలే అనుకున్నాడు.

నల్లోడు ఎగిరి జేబు పట్టాడు. వాసనుంది, ముక్క లేదు. ఇంకా లోపలెక్కడో ఉందేమోనని పాపం గట్టిగా కొరికాడు. బొద్దాయన నిజంగా కేక పెట్టాడు. కెమెరా తిరుగుతూనే ఉంది.

కట్టు కడుతుంటే ఏమైందని దర్శకుడు అడిగాడు.

"ఏమోనండీ, ఊరికే కరిచింది" అన్నాడు బొద్దాయన.

మనిషిని కరిచిన జంతువు మళ్ళీ స్టూడియో గేటు దాటకూడదని అక్కడి కట్టుబాటు. బావమరిది గొలుసు తగిలించాడు. నల్లోడు మాత్రం బొద్దాయన ముందు ఆగి తోకూపాడు, తన ముక్క ఇస్తాడని. తేలు కుట్టిన దొంగలా ఆయన కట్టు సర్దుకున్నాడు.

సినిమా మొదటిసారి వేసిన రోజు బావమరిది పక్కనే కూర్చున్నాడు. బావమరిది బతుకు కోరతాడని ఊరికే అనలేదు, ఇన్నాళ్ళలో ఒక్క నిష్ఠూరమాడలేదు. తెర మీద నల్లోడు కరిచాడు. హాలు హాలంతా విరగబడి నవ్వింది. బొద్దాయనకి తల కొట్టేసినట్టయింది. ఇక ఉండబట్టలేక, ముక్క తినేసింది తనేనని బావమరిది చెవిలో చెప్పాడు.

"తెలుసు బావా. ఆరోజే నీ నోట ఆ ముక్క వాసనొచ్చింది. అందరి ముందూ చెబుతావని చూశాను. చీకట్లో నాకొక్కడికి చెబితే నల్లోడికేం లాభం?"

దీపాలు వెలిగాయి. దర్శకుడు బొద్దాయనని వేదిక మీదికి పిలిచాడు. ఆయన ఇంకా కొంచెం కుంటుతున్నాడు. ఆ నడకకే నవ్వులు మొదలయ్యాయి.

"ఆ కుక్క తప్పేం లేదండీ. దాని ముక్క నేను తినేశాను" అన్నాడు.

హాలు గొల్లుమంది. నిజమేనని మళ్ళీ చెప్పాడు, ఈసారి కరిచిన చోట చెయ్యేసి చూపించాడు. దానికి ఇంకా నవ్వారు. ఈ తమాషా తర్వాతి సినిమాలో పెట్టేద్దామని దర్శకుడు నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. నల్లోణ్ణి గేటులోకి రానివ్వమని బొద్దాయన ఆయనకి చేతులు జోడించాడు. వెనక వరుసల వాళ్ళు నవ్వుతూనే లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.