ఒంటి కుర్చీ షాపు

నా మంగలి షాపులో కుర్చీ ఒకటే. రెండోది ఎందుకు వెయ్యవని ముప్ఫై ఏళ్లుగా ఊరంతా నా ప్రాణం తీస్తోంది. రెండో కుర్చీ వేస్తే పనివాణ్ని పెట్టాలి, వాడి మీద కన్నేసి ఉంచాలి. ఇంక నా బాకా ఎప్పుడు ఊదుకోను? ఇటలీలో మా బాసిలికాటా కొండల్లో పాతకాలం మంగళ్లందరూ అంతే. గడ్డానికీ గడ్డానికీ మధ్య ఒకడు మాండొలిన్ మీటేవాడు, ఒకడు గిటారు. నేనీ పని నేర్చుకున్నదే ఆ ఖాళీ కోసం. సోమవారం ఎటూ సెలవు, ఆ రోజంతా ఊరి బ్యాండుతో సాధన. నా అంత సుఖపడ్డవాడు ఈ కొండ మీద ఇంకొకడు లేడు, ఒట్టు!

ఒక్కటే వెలితి. మా ఊరి పునీతుడి పండగ పొద్దున ఊరేగింపులో సోలో బాకా ఎప్పుడూ పొరుగూరివాడిదే. ఆ వేళకి నేను నురగలో మోచేతుల దాకా మునిగి ఉంటాను. విగ్రహం మోసే ఇరవైనలుగురూ ఆ పొద్దునే నున్నగా గీయించుకోవాలి. మాసిన గడ్డంతో పునీతుడి కింద భుజం పెట్టకూడదు, అది మా ఊరి కట్టు.

ఈ ఏడు బ్యాండు మాస్టారు నా కుర్చీలో కూర్చునే అన్నాడు, "ఏమోయ్ డొనాటో, ఈ పండక్కి సోలో నువ్వే. కాదన్నావో, మళ్లీ అడగను. అరవై రెండొచ్చాయి, ముందుపళ్లు ఊడాక ఊదుతావా?"

ఇంట్లో చెప్పాను. మా ఆవిడ ఫిలొమెనా నోరు నా కత్తి కంటే పదును.

"ఆ పొద్దున షాపు మూస్తే అందరూ బస్టాండు దగ్గర మూడు కుర్చీల వాడి దగ్గరికి పోతారు. అక్కడ మరిగినవాడు మళ్లీ నీ మొహం చూస్తాడా? ఉన్నదీ పోయె, ఉంచుకున్నదీ పోయె!"

"షాపు పెట్టిందే బాకా కోసం. ఇప్పుడు షాపు కోసం బాకా మానుకోమంటావా?" అని కసిరాను.

మర్నాడు చూస్తే నా బ్యాండు కోటుకి వదులైన గుండీలన్నీ బిగించి కుట్టి ఉన్నాయి.

పండగ పొద్దున షాపు సెలవని వారం ముందే తలుపుకి కాగితం అంటించాను. గంటలో ఎజిడియో ఊడిపడ్డాడు. విగ్రహం మోసేవాళ్లకి వాడే పెద్ద, నా ఈడువాడు.

"ముప్ఫై ఏళ్లు నా గొంతు నీ కత్తి కింద పెట్టానురా! పండగ పూట నట్టేట ముంచుతావా?"

"బస్టాండుకి పోరా. అక్కడ మూడు కుర్చీలున్నాయి."

"పోతాం! అందరం పోతాం! మళ్లీ నీ గడప తొక్కితే నా పేరు ఎజిడియో కాదు!" తలుపు ధడాలున వేసి పోయాడు. ఆ వారమంతా ఒక్కడూ షాపుకి రాలేదు. ఫిలొమెనా మాటే నిజమైందనుకున్నాను.

పండగ పొద్దున చర్చి మెట్ల కింద బాకా పట్టుకుని నిలబడ్డాను. తలుపులు తెరుచుకున్నాయి, విగ్రహం భుజాల మీద ఊగుతూ బయటికొచ్చింది. ముందు వరసలో ఎజిడియో. వాడి చెంపలు చూశాను. కోసిన గోధుమచేను మోళ్లలా గడ్డం! వాడి పక్కవాడికీ అంతే. వెనకవాళ్లకీ అంతే. ఇరవైనలుగురికీ వారం గడ్డాలు. ఫాదర్ మొహం కందగడ్డ అయింది.

విగ్రహం నా ముందు ఆగింది. ఎజిడియో పళ్ల సందునుంచి అన్నాడు, "చూస్తావేంరా, వెధవా? పండగ పూట ఇంకొకడి చేత గీయించుకుంటామా? ఊదు! తప్పు ఊదావో, నీ మీసం పీకి చేతిలో పెడతా."

ఊదాను. ఏడుస్తూ బాకా ఊదడం ఎంత కష్టమో మీకు తెలీదు. పెదవి జారుతుంది, ఊపిరి తెగుతుంది. మధ్యలో ఒక స్వరం పగిలింది కూడా. ఒక్కడూ నవ్వలేదు. నా పాట పూర్తయ్యేదాకా ఆ ఇరవైనలుగురూ అంత బరువునీ మోస్తూ, కదలకుండా ఎండలో నిలబడ్డారు.