పదింటికి లేచే చేతులు

మా ఆయన మొదటి బస్సు నడుపుతారు. తెల్లవారకముందే ఇంట్లోంచి బయలుదేరాలి. వెళ్ళేముందు వంటింట్లోకి వచ్చి డబ్బాల మూతలన్నీ ఒక్కొక్క చుట్టు వదులు చేస్తారు. చక్కెర, టీపొడి, ఉప్పు, నా మందుల సీసా. నేను పక్కమీద కళ్ళు మూసుకుని ఆ కిర్రుమనే చప్పుడు వింటూ ఉంటాను. నాలుగుసార్లు వినబడితే ఆ పూట గడుస్తుంది. ఒకరోజు మూడే వినబడ్డాయి. ఆ రోజు ఉప్పు లేకుండా తిన్నాం. సాయంత్రం చెబితే, "పిలవకపోయావా" అన్నారు. ఆ వేళప్పుడు, చెప్పులు వేసుకుని గడప దాటబోతున్న మనిషిని ఉప్పు డబ్బా కోసం ఎలా పిలుస్తాను?

నాది కీళ్ళవాతం. మొదలై మూడేళ్ళు దాటింది. పొద్దున లేచేసరికి రెండు చేతుల వేళ్ళూ కర్రల్లా బిగుసుకుపోయి ఉంటాయి. గుప్పిడి ముయ్యలేను. పది గంటల వేళకి మెల్లగా సడలుతాయి. అప్పుడు కూర తరగగలను, బట్టలు మడతపెట్టగలను. బిగించిన మూత తిప్పే బలం మాత్రం అప్పటికీ రాదు. నన్ను చూసేవాళ్ళంతా పది దాటాకే చూస్తారు కాబట్టి నా జబ్బు ఎవరికీ కనబడదు. "నీకేం తక్కువమ్మా, నిమ్మపండులా ఉన్నావు" అంటుంది కింద వాటా దర్జీ అక్క. అది పొగడ్తో ఎత్తిపొడుపో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను.

పొద్దుట్నుంచి పదింటిదాకా నన్ను చూసేది మా అమ్మాయి ఒక్కతే. ఐదు నిండి ఆరు నడుస్తోంది. పొట్టిగా, గుండ్రంగా ఉంటుందని వాళ్ళ నాన్న బుడంకాయ్ అంటారు. దానికి మూడేళ్ళప్పుడు ఒకరోజు నా వేళ్ళు పట్టుకుని లాగి, "అమ్మా, ఇవి ఎందుకు రావట్లేదు?" అని అడిగింది. "ఇంకా నిద్రపోతున్నాయి. పదింటికి లేస్తాయి" అన్నాను. మూడేళ్ళ పిల్లకి వాపు గురించీ కీళ్ళ గురించీ ఎక్కడని చెప్పను? ఆ మాటే మా ఇంటి మాటయింది. గడియారం చూడటం కూడా దానికి అలాగే వచ్చింది. చిన్నముల్లు పది మీదికి, పెద్దముల్లు నెత్తిమీదికి వస్తే అమ్మ చేతులు లేస్తాయి.

అందాకా మేమిద్దరం వంటింటి బయటున్న బల్ల దగ్గర కూర్చునేవాళ్ళం. ఆయన పోసిపెట్టిన ఫ్లాస్కు మీట మోచేత్తో నొక్కి వెడల్పాటి గిన్నెలోకి వేడినీళ్ళు వంపుతాను. అందులో నా చేతులు ముంచితే, అదీ తెచ్చి తన చేతులు ముంచేది. ఒక్క గిన్నెలో నాలుగు చేతులు. ఇరుగ్గా ఉండేది. పాలు తాగేటప్పుడు కూడా నాలాగే గ్లాసుని రెండు అరచేతుల మధ్య ఇరికించి ఎత్తేది. నన్ను చూసి ఆడుకుంటోంది అనుకునేదాన్ని. నిజం చెప్పొద్దూ, నాకు అది బాగానే ఉండేది.

నిరుడు దాని ఆటబడి పదింటికి మొదలయ్యేది. ఈ ఏడు ఒకటో తరగతి. ఎనిమిదిన్నరకే బడి. సాయంత్రం నా వేళ్ళు మాట వింటున్నప్పుడే యూనిఫాం చొక్కా గుండీలు మెడ దగ్గరివి వదిలేసి మిగతావన్నీ పెట్టేస్తాను. పొద్దున తలమీంచి తొడుక్కుంటే సరిపోతుంది. దర్జీ అక్క అది కనిపెట్టింది. "అంత కాలేజీ చదువు చదివావు, పిల్లకి గుండీలు పెట్టే తీరిక లేదా?" అంది. అని ఊరుకోలేదు, మెడ గుండీ తీసేసి దాని చోట ఒక కొక్కెం కుట్టి ఇచ్చింది. బడి వీధి చివరే. పాలకని వెళ్తూ పిల్లని ఆవిడే తీసుకెళ్తుంది.

బడి తెరిచిన పదో రోజున టీచరు ఫోన్ చేశారు.

"పాప చేతికి దెబ్బేమైనా తగిలిందాండీ?"

"లేదండీ. ఏమైంది?"

"పొద్దున పెన్సిల్ ముట్టుకోదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది. రాయమంటే, వేళ్ళు రావట్లేదు టీచర్ అంటుంది. కొత్త కదా, బెరుకేమో అని నాలుగు రోజులు చూశాను. నిన్న ప్రార్థన దగ్గర అందరూ చప్పట్లు కొడుతుంటే ఇది కొట్టలేదు."

"అసలే రాయట్లేదా?"

"అబ్బే, తర్వాత చక్కగా రాస్తుంది. అందరికంటే గుండ్రంగా రాస్తుంది."

"తర్వాత అంటే ఎన్నింటికండీ?"

"పది... ఆ ప్రాంతంలో."

ఫోన్ పెట్టేసి అక్కడే నిలబడ్డాను. నా జబ్బుకి పేరు పెట్టిన రోజున డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, మీ వాళ్ళలో ఇంకెవరికైనా ఉందా అని. మా నాయనమ్మ వేళ్ళు చివరి రోజుల్లో గాలికి వాలిన గడ్డిలా పక్కకి తిరిగిపోయాయి. ముసలితనం అనుకున్నాం. నాయనమ్మకి డెబ్బై ఏళ్ళప్పుడు, నాకు ముప్పై ఒకటికి. ఇక దీనికి ఆరోయేటనా?

సాయంత్రం బడినుంచి రాగానే దాని వేళ్ళు ఒక్కొక్కటే వంచి చూశాను. మెత్తగా వంగాయి. కాని సాయంత్రం నావీ వంగుతాయి.

"నొప్పా?" అన్నాను.

"చక్కిలిగిలి" అని నవ్వింది.

ఆయన అన్నం తిని నడుం వాల్చబోతుంటే సంగతి చెప్పాను. "రేపు సెలవు పెట్టనా?" అన్నారు.

"వద్దులెండి, నేను చూపిస్తాను."

వద్దన్నా పెడతారేమో అనుకున్నాను. నా మాట నమ్మి నిద్రపోయారు.

డాక్టరమ్మ దగ్గర తొమ్మిదింటికే చూపించాలని పట్టుబట్టి టైము తీసుకున్నాను. పది దాటితే చూపించడానికి ఏమీ ఉండదు. బస్సులో కూర్చునే చోటు దొరకలేదు. కమ్మీని పట్టుకోలేను కాబట్టి మోచేతిమడతలో ఇరికించుకుని నిలబడ్డాను. చూస్తే నా నడుం ఎత్తున అదీ అదే కమ్మీని మోచేతితో చుట్టేసి నిలబడి ఉంది. ఎదురు సీట్లో ముసలాయన ఒకసారి నావంక, ఒకసారి దానివంక చూసి, "తల్లీకూతుళ్ళు ఒకే అచ్చు" అన్నాడు. ఆయన ముచ్చటపడే అన్నాడు. నేను కిటికీవైపు తిరిగాను.

డాక్టరమ్మ దాన్ని బల్లమీద కూర్చోబెట్టి మణికట్టు, వేలి కణుపులు, మోకాళ్ళు అన్నీ నొక్కి చూసింది.

"నొప్పా?"

"ఊహూ."

"ఏదీ, గుప్పిడి ముయ్యి చూద్దాం."

అది గోడమీది గడియారం వంక చూసింది. తొమ్మిదీ ఇరవై. "ఇంకా కాలేదు" అంది.

"ఏం కాలేదు?"

"పది."

డాక్టరమ్మ నావంక చూసింది. తర్వాత ఏదో రాసుకుంటున్నట్టు కాగితం లాక్కుని, చేతిలో కలం బల్లమీద జారవిడిచింది. అది బల్ల అంచుదాకా దొర్లి కిందపడబోతుండగా మా అమ్మాయి ఒక్క చేత్తో గాల్లోనే పట్టేసింది. పట్టాక, దొంగతనం చేస్తూ దొరికినట్టు నావైపు చూసి, కలం బల్లమీద పెట్టి, చెయ్యి మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంది.

డాక్టరమ్మ పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. కుర్చీలో కూర్చున్నాను.

"పదింటికి ఏమవుతుంది తల్లీ?" అని అడిగింది దాన్ని.

"చేతులు లేస్తాయి."

"ఎవరివి?"

"మావి. మా ఇంట్లో ఆడవాళ్ళవి పదింటికే లేస్తాయి. నాన్నవి ముందే లేస్తాయి."

"మరి మీ టీచరువో? పొద్దున్నే బోర్డుమీద రాస్తుంది కదా?"

"ఆవిడది వేరే ఇల్లు కదా!" అంది, ఇంత చదువుకున్న డాక్టరుకి ఇదీ తెలియదా అన్నట్టు.

"ఈ చేతులకి ఏ జబ్బూ లేదమ్మా" అంది డాక్టరమ్మ నాతో.

"రక్తపరీక్ష?"

"కలం పట్టుకుంది చూడలేదూ? అదే పరీక్ష."

"ఇప్పుడు లేదు సరే. ముందుముందు?"

"ముందు సంగతి నాకూ తెలీదు, నీకూ తెలీదు. ఇవాళ లేదు. ఇవాళ్టికి ఆ ఒక్క మాట ఇంటికి పట్టుకెళ్ళు." కాగితం పక్కన పెట్టి మళ్ళీ అంది, "దానికి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పు. ఇది నేర్చుకున్నది నీ దగ్గరే."

బస్సు ఆగేచోట బెంచీమీద కూర్చున్నాం. ఎండ ఇంకా వేడెక్కలేదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, "నీ చేతులు నీతోపాటే లేస్తాయి" అన్నాను.

రెండు చేతులూ తిప్పి చూసుకుంది. "ఇప్పుడు లేచే ఉన్నాయా?"

"పొద్దున్నే లేచాయి. నువ్వే బలవంతంగా పడుకోబెట్టావు."

"మరి నీవి?"

"నావి పదింటికే."

"ఎందుకూ?"

"నాకు జబ్బు చేసింది. దాని పేరు కీళ్ళవాతం."

ఈ మాట దానికి చెప్పడం అదే మొదలు. అనుకున్నంత కష్టం కాలేదు.

"ఎప్పుడు తగ్గుతుంది?"

"పూర్తిగా తగ్గదు. మందులేసుకుంటే కాస్త నెమ్మదిస్తుంది."

కాళ్ళు ఊపుతూ ఆలోచించింది. "అయితే పొద్దున నువ్వొక్కదానివేనా?"

"నేనొక్కదాన్నే."

బస్సు వచ్చింది. అది గబగబా ఎక్కి రెండు చేతులతో కమ్మీ పట్టుకుంది. వేళ్ళు తెల్లబడేంత గట్టిగా. నేను పక్కనే మోచెయ్యి వేసి నిలబడ్డాను.

మర్నాడు తెల్లవారుజామున నాలుగు చప్పుళ్ళూ వినబడ్డాయి. లేచి, మందు వేసుకుని, గిన్నెలో నీళ్ళు వంపి చేతులు ముంచాను. అలవాటుకొద్దీ ఒక పక్కకి సర్దుకుని పెట్టాను. అది రాలేదు. లోపల గదిలో చొక్కా గుండీలన్నీ విప్పేసి, మొదట్నుంచి తనే పెట్టుకుంటోంది. ఒక గుండీ తప్పి ఇంకో కాజాలోకి పోయి, చొక్కా ఒక వైపు ఎత్తుగా, ఒక వైపు పల్లంగా వచ్చింది. "చూడు చూడు!" అని నా ముందు గిరగిరా తిరిగింది. సరిచేయాలని ఉన్నా చేతులు నీళ్ళలోనే ఉంచుకున్నాను. తర్వాత కుళాయి తిప్పింది, కట్టింది. తలుపు గడియ వేసింది, తీసింది. ఇల్లంతా దాని చేతుల చప్పుడే.

కిందనుంచి దర్జీ అక్క కేకేసింది. "ఏమే బుడంకాయా, వస్తున్నావా, నేను పోనా?"

"వస్తున్నా పెద్దమ్మా! నా చేతులు లేచాయి!"

"ఇన్నాళ్ళూ ఏ ఊరెళ్ళాయే అవి?"

వెళ్ళేముందు వంటింట్లోకి ఒక్క పరుగు పరిగెత్తి, అక్కడేదో చేసి, బయటికి వచ్చి మెట్లు దిగిపోయింది. వాళ్ళిద్దరి మాటలూ వీధి మలుపుదాకా వినబడి ఆగిపోయాయి.

నీళ్ళు చల్లారేదాకా కూర్చున్నాను. గిన్నె ఇంత వెడల్పని ఇన్నాళ్ళూ గమనించలేదు.

పది అయ్యింది. వేళ్ళు సడలాయి. టీ పెట్టుకుందామని లేచి టీపొడి డబ్బా తీశాను. మూత రాలేదు. చక్కెర డబ్బా తీశాను. అదీ రాలేదు. ఉప్పు, మందుల సీసా, నాలుగూ బిగించి ఉన్నాయి. వదులుగా ఉన్న మూతలు చూసి నాన్న మరిచిపోయారనుకుని ఉంటుంది. లేదా లేచిన చేతులు కదా, ఏదో ఒక పని చెప్పాలనుకుందేమో.

తడిగుడ్డ చుట్టి తిప్పాను. మోకాళ్ళ మధ్య ఇరికించి తిప్పాను. ఒక్కటీ వెంట్రుకవాసి కదల్లేదు. అంత గట్టిగా బిగించింది. కింద దర్జీ అక్క మిషను చప్పుడు వినబడుతూనే ఉంది. పిలిస్తే వస్తుంది. వచ్చి, "నిమ్మపండులా ఉన్నావు, మూత రాదా?" అంటుంది.

పిలవలేదు. ఫ్లాస్కులో మిగిలిన వేడినీళ్ళు గ్లాసులో పోసుకున్నాను. నాలుగు డబ్బాలనీ బల్లమీద వరసగా పెట్టుకుని, వాటి ఎదురుగా కూర్చుని తాగాను.