పెట్టెకు నేర్పిన ఖాళీ గది

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్లు అక్క, బావ, బావ వాళ్లమ్మ, చెల్లెలు, చెల్లెలి ఆఫీసు నుంచి వచ్చిన పెద్దసారు. వీళ్లు కాక వెనకగదిలో గోడ నిండా గడియారాలు, వాటి మధ్య అరచేతికి కాస్త పెద్దదైన తెల్లటి పెట్టె. పెట్టెను మనిషి కింద లెక్కవేయకూడదు కానీ, ఆ రోజు అందరూ ఎదురుచూస్తున్నది అది చెప్పబోయే మాట కోసమే.

చెల్లెలిని ఇంట్లో సిగ్నలమ్మ అంటారు. ఆ పేరు పెట్టింది బావే. ఫోన్ల నెట్‌వర్క్ కంపెనీలో కొత్త పరికరాలు కనిపెట్టే విభాగంలో ఆమె పని. ఆ తెల్లపెట్టె ఆమెది. అంటే ఆమె ఒక్కత్తిదే కాదు, కానీ దాని గురించి నిద్ర పాడుచేసుకున్నది ఎక్కువగా ఆమే. దానికి కెమెరా లేదు, మైకు లేదు. ఇళ్లల్లో వైఫైకి వాడే తరంగాలనే గది నిండా పంపుతుంది. అవి గోడకూ బల్లకూ మనిషికీ తగిలి వెనక్కి వస్తాయి. మనిషి కదిలినా, కింద పడినా, చివరికి ఊపిరి పీల్చినా అవి తిరిగొచ్చే తీరు మారుతుంది. పడినవాళ్లు లేవకపోతే ఇంట్లోవాళ్ల ఫోన్ మోగుతుంది.

బావ వెనకగదిలో గడియారాలు బాగుచేస్తాడు. అతనికి మూర్ఛ ఉంది. మందులతో తగ్గింది గానీ పోలేదు. ఒకసారి పనిబల్ల మూల తగిలి కనుబొమ్మ చీలింది, ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. అప్పటినుంచి అక్క నర్సు ఉద్యోగం మానేసి, వెనకగది గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని, కళ్లల్లో వత్తులు వేసుకుని కూర్చుంటోంది. అత్తయ్యను కూర్చోబెడదామంటే ఆమెకు మోకాళ్లు సహకరించవు, కుడిచెవి వినపడదు. ఇప్పుడు వీధి చివరి ఆస్పత్రి వాళ్లు అక్కను మళ్లీ రమ్మన్నారు. వస్తుందో రాదో ఈ సాయంత్రంలోగా చెప్పాలి. బిగించాక ఇవాళే మొదటిసారి నడపబోతున్న పెట్టె పనిచేస్తే అక్క వెళ్తుంది. లేకపోతే ఆ కుర్చీయే గతి.

"మొదలుపెట్టండి" అన్నారు పెద్దసారు, కాఫీ గ్లాసు కింద పెట్టి.

బావ వెనకగదిలోకి వెళ్లి బల్ల ముందు కూర్చున్నాడు. చెల్లెలు తలుపు దగ్గరికి వేసి, హాల్లో అందరికీ కనపడేలా ఫోన్ పట్టుకుంది. తెర మీద అక్షరాలు వచ్చాయి.

గది ఖాళీ.

చెల్లెలు తెరను వేలితో కిందికి లాగి వదిలింది. మళ్లీ అదే. గది ఖాళీ.

"నా కొడుకు లోపలికి వెళ్లడం నేను చూశానే!" అంది అత్తయ్య. ఆమెకు తక్కువ వినపడుతుంది కాబట్టి ఏం మాట్లాడినా ఇల్లంతా వినపడుతుంది.

"ఒక్క నిమిషం అత్తయ్యగారూ." చెల్లెలు గది వైపు తిరిగింది. "బావా, ఒకసారి బయటికి రా."

బావ కంటికి పెట్టుకున్న భూతద్దం నుదుటి మీదికి తోసుకుంటూ వచ్చి, కూజాలో నీళ్లు వంచుకున్నాడు. అతను గ్లాసు నోటిదాకా ఎత్తాడో లేదో ఫోన్ గీమని అరిచింది. గదిలో ఒకరు. కదలిక లేదు. వెంటనే చూడండి.

"చూస్తున్నాం కదమ్మా" అన్నాడు బావ ఫోన్‌తో. "ఇదుగో, నీళ్లు తాగుతున్నాను."

అత్తయ్య పకపకా నవ్వింది. "బాగుందే సిగ్నలమ్మా నీ పెట్టె! మనిషి ఉంటే లేడంటుంది, లేకపోతే పడిపోయాడంటుంది. ఇంతకంటే మా పక్కింటావిడ నయం, సగమైనా నిజం చెబుతుంది."

పెద్దసారు నవ్వలేదు. అక్క కూడా నవ్వలేదు. అక్క చేతిలో తన ఫోన్ ఉంది. ఆస్పత్రి నంబరు తీసి పెట్టుకుని, దాన్ని నొక్కలేక, బొటనవేలు తెర మీద ఆనీ ఆననట్టు పట్టుకుని ఉంది.

"పరీక్షకు పెట్టెలు బిగించిన మిగతా ఇళ్లల్లో ఈ గోల లేదు" అన్నారు పెద్దసారు మెల్లగా. "తరవాతి దశకు వెళ్లే ఇళ్లు ఇవాళే తేల్చాలి. సొంత అక్క ఇల్లని మొహమాటపడి నేను ఊఁ అనలేనమ్మా. రేపు ఏదైనా జరిగితే..."

"జరగదు సార్. కాసేపు ఆగండి."

చెల్లెలు వెనకగదిలోకి వెళ్లింది. గుండె ఎంత గట్టిగా కొట్టుకుంటోందంటే, దాన్ని కూడా పెట్టె పట్టేస్తుందేమో అనిపించింది. బావ ఆమె వెనకే వచ్చి ఏమీ జరగనట్టు మళ్లీ పనిలో పడ్డాడు. మోచేతులు రెండూ బల్లకు ఆనించాడు. పట్టకారు కొసన వెంట్రుకంత సన్నటి స్ప్రింగు. భుజాలు కదలవు, మెడ కదలదు. ఛాతీ కేసి చూస్తే ఊపిరి తీస్తున్నాడా లేదా అని అనుమానం వచ్చింది. స్ప్రింగు దాని చోట కూర్చున్నాకగానీ అతను గాలి వదల్లేదు.

ఆమెకు అప్పుడు తట్టింది.

పెట్టె బిగించిన రోజు దానికి మొట్టమొదట నేర్పింది ఖాళీ గదినే. ఇదీ ఎవరూ లేనప్పుడు గది ఉండే తీరు, దీనికి తేడా కనపడితే మనిషి ఉన్నట్టు అని. ఆ రోజు ఆమె హాల్లో లాప్‌టాప్ ముందు కూర్చుని, "బావా, గది ఖాళీ చెయ్" అని కేకేసింది. "ఆఁ" అని వినపడింది. తెర మీద గీత దాదాపు తిన్నగా ఉంది. కాస్త అలలా ఊగుతుంటే గోడగడియారాల లోలకాలే అనుకుంది. లేచి ఒక్కసారి తొంగిచూడలేదు.

"బావా, నిజం చెప్పు. ఆ రోజు నేను గది ఖాళీ చెయ్యమన్నప్పుడు నువ్వు బయటికొచ్చావా?"

బావ భూతద్దం తీశాడు. "వద్దామనే అనుకున్నాను. చేతిలో ఇలాంటిదే ఉంది. వదిలితే మళ్లీ దొరకదు. కదిలితేనే కదా నీ పెట్టెకు తెలిసేది? అందుకని లేనట్టే కూర్చున్నాను."

"లేనట్టా!"

"వీలైనంతసేపు ఊపిరి కూడా బిగబట్టాను, నీ కోసం. నీ పని చెడకూడదని."

చెల్లెలికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. "నువ్వు గదిలో సామానువని నేర్చుకుంది బావా అది. బల్ల, కుర్చీ, నువ్వు. నువ్వు లేచి వెళ్తే గది మారిపోయిందని, ఎవరో వచ్చారని కంగారుపడుతోంది."

"వాడు మొదటినుంచీ అంతే" అంది గుమ్మంలోంచి అత్తయ్య. "పెళ్లిపీటల మీద కూడా బొమ్మలా కూర్చుంటే, వీణ్ణి తట్టి చూడండర్రా అన్నారు."

మళ్లీ నేర్పారు. ఈసారి చెల్లెలు బావను చెయ్యిపట్టుకుని బయటికి తెచ్చి, బల్ల కింద కూడా చూసి, తలుపు వేసింది. లోలకాలన్నీ ఆపించింది. గడియారాల చప్పుడు లేని ఆ ఇల్లు వేరే ఇల్లులా ఉంది. తెర మీద గీత తిన్నగా సాగింది. కాసేపటికి గది ఖాళీ అని వచ్చింది. బావ వెళ్లి కూర్చోగానే, గదిలో ఒకరు, ఊపిరి ఉంది అని వచ్చింది. అతను బయటికొస్తే మళ్లీ ఖాళీ.

అక్క కుర్చీలో కూలబడి కళ్లు తుడుచుకుంది. "ఇక ఫోన్ చేసెయ్యనా?"

"ఇంకొకటి ఉంది" అన్నారు పెద్దసారు, ఎవరి మొహమూ చూడకుండా. "కూర్చున్నారని చెప్పింది, సరే. పడిపోయారని చెబుతుందా?"

"నేను పడతాను సార్" అంది చెల్లెలు.

"మీ అక్క వదిలి వెళ్లేది నిన్ను కాదు కదమ్మా. ఆయనంత ఎత్తు మనిషి, ఆ బల్లకూ గోడకూ మధ్య ఇరుకులో, ఆయన పడే తీరులో... నాకూ ఇష్టమై అడగట్లేదు."

అక్క విసురుగా లేచింది. "అంటే ఆయన్ని మీ ముందు కింద పడి కొట్టుకోమంటారా? నాటకమా ఇది? ఏమే, నువ్వయినా చెప్పవేం? ఈ ఇంట్లో నేను తప్ప ఆయన్ని అలా చూసినవాళ్లు లేరు. అత్తయ్యను కూడా రానివ్వరు. నీకు తెలుసు కదా!"

చెల్లెలికి తెలుసు. పెట్టె ఆ ఒక్కమాట చెప్పకపోతే అక్క ఆ కుర్చీలోంచి లేవడం ఉండదు. చెప్పించాలంటే బావ నేల మీద పడాలి. ఏ వైపు మాట్లాడినా ఎవరో ఒకరి మొహం చూడలేకపోతుంది.

బావ చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు. తరవాత ఆ గుడ్డను మడతపెట్టి బల్ల మీద పెట్టాడు.

"ఆస్పత్రి వాళ్లు ఎప్పటిదాకా ఉంటారు?" అని అడిగాడు అక్కను.

"ఇప్పుడెందుకండీ అది?"

"ఎప్పటిదాకా?"

"పొద్దుగూకేదాకా."

కిటికీ అవతల ఎండ అప్పటికే గోడ పైకి పాకింది. బావ లేచి తనే గుమ్మం దగ్గరున్న కుర్చీని ఎత్తి హాల్లో పెట్టాడు. చెల్లెలు సోఫా మీది దిండు లాక్కుని గదిలోకి పరిగెత్తింది. బల్ల మూలకు దాన్ని అడ్డం పెట్టబోతుంటే బావ ఆపాడు.

"అది తీసెయ్. నాకు వచ్చినప్పుడు దిండు వేసి రాదు."

"తగులుతుంది బావా. మెల్లగా పడుకున్నా చాలేమో. నేను ఇక్కడే ఉంటాను, నువ్వు పడగానే..."

"నువ్వు ఇక్కడుంటే నీ పెట్టె ఎవర్ని చూసినట్టు?"

అతను దిండు ఆమె చేతుల్లో పెట్టి, భుజం పట్టుకుని గుమ్మం దాకా నడిపించాడు.

"కెమెరా లేదన్నావు. నిజమేనా?"

"లేదు బావా. ఒట్టు."

"అది చూడకుండానే చెబుతుందన్నావు. నీకు నమ్మకం ఉందా?"

హాల్లో పెద్దసారు ఫోన్ పట్టుకుని నిలబడ్డారు. అక్క గోడ వైపు తిరిగింది. ఉంది అనడానికి చెల్లెలికి ఒక్క క్షణం పట్టింది. ఆ క్షణాన్ని బావ చూశాడు.

"ఉంది" అంది.

"అయితే నువ్వూ చూడొద్దు, మరదలా" అన్నాడు బావ. ఆమె మొహం మీదే తలుపు వేసి, లోపల గడియ పెట్టుకున్నాడు.