తెరమీద రాని మనవి

మా సంఘంలో ప్రార్థన మనవులు ఫోన్లో పంపే ఏర్పాటు చేసింది నేనే. జనం వారమంతా రాసి పంపితే, ఆదివారం పొద్దున అవన్నీ ఒక పేజీగా తయారై చర్చి తెరమీద పడతాయి. మోకాళ్ళ నొప్పి, కోడలితో పోరు, బోరులో నీళ్ళు, ఏదైనా సరే. సంఘ పెద్ద కృపానిధి తాత ఒక్కొక్కటే చదువుతాడు, అందరం ఆమేన్ అంటాం. బళ్ళారి పక్కన మా కప్పగల్లులో ఇది కావాలని ఎవరూ ఏడవలేదు. నేనే తగుదునమ్మా అని పోయి చేశాను.

మనవులు దాచే సర్వరు మార్చిన వారం అవన్నీ చెడిపోయాయి. తెలుగు పోయి, నెత్తిన టోపీలు పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాలు బారులు తీరాయి.

"ఏమప్పా ఆల్విన్, ఇది పరిశుద్ధాత్మ ఇచ్చే అన్యభాషల వరమా?" అన్నాడు కృపానిధి తాత. చర్చంతా నవ్వింది. నాకు ఒళ్ళు మండింది.

కంప్యూటరు అక్షరాలను అంకెలుగా దాచుకుంటుంది. ఏ అంకె ఏ అక్షరమో చెప్పే పట్టిక రాసేటప్పుడూ చదివేటప్పుడూ ఒకటే ఉండాలి. కొత్త సర్వరు వేరే పట్టిక పట్టుకొని కూచుంది. దాన్ని మార్చాను. కొత్త మనవులు బాగానే వచ్చాయి గానీ, ఆ వారం చెడినవి చెడినట్టే ఉండిపోయాయి. వాటిని ఒక్కొక్కటే బాగుచేసే ఓపిక ఎవడికుంది? తెలుగు అక్షరం లేని మనవిని తెరమీదికి రానీయొద్దని ఒక్క నియమం రాసి పడేశాను. పీడ విరగడైందనుకున్నాను.

అప్పటినుంచి మూడు వారాలుగా మా అమ్మ రాహేలు మనవి తెరమీద పడలేదు. సోమవారం ఆమెకు గాల్‌బ్లాడరులో రాళ్ళు తీసే ఆపరేషన్. ఆ లోపల తన మనవి సంఘంలో చదవాలని పట్టు.

"ఈ వారమన్నా వస్తాదా అప్పా?" అని నన్ను అడిగింది అమ్మ.

"ఏం రాసినావో చెప్పు మా, నేనే ఎక్కిస్తా."

"దేవునికి రాసింది నీకెందుకు?"

"అట్లయితే ఆయన్నే అడుగు. ఫోన్లో ఏందో నొక్కింటావు. ఎన్నిసార్లు చెప్పల్ల నీకు?" అని కసిరాను. అమ్మ నా కంచంలో ఇంకో జొన్నరొట్టె వేసి లోపలికి పోయింది.

శనివారం మధ్యాహ్నం సర్వరులో దాచిన మనవులు నేరుగా తెరిచి చూశాను. అమ్మది మూడు వారాలూ ఉంది. ఒక్క అక్షరం చెడలేదు. మాటలు తెలుగే, లిపి మాత్రం కన్నడం. అమ్మ చదివింది కన్నడ బడిలో. బళ్ళారి చుట్టుపక్కల అట్లా చదివిన తెలుగువాళ్ళు ఇట్లాగే రాస్తారు. పుట్టి పెరిగిన ఊళ్ళో ఆ సంగతే మరిచిపోయి నియమం రాసినవాణ్ణి నేను. సిగ్గేసింది.

తర్వాత చదివాను.

"నన్ను డాక్టర్లు చూసుకుంటారు. నా కొడుకు నామీద కసురుకోకుండా మాట్లాడేట్ల ప్రార్థన చేయండి."

ఆ నియమం తీస్తే రేపు సంఘమంతా ఇది చూస్తుంది. ఉంచితే ఎవరికీ తెలియదు, అమ్మ సోమవారం అట్లాగే ఆసుపత్రికి పోతుంది. టీ చల్లారిపోయేదాకా కూర్చున్నాను. నియమాన్ని తీసేశాను.

ఆదివారం కృపానిధి తాత దాన్ని తీరిగ్గా రెండుసార్లు చదివాడు. రాహేలుకు ఉండేది ఒక్క కొడుకే కాబట్టి తలకాయలన్నీ నావైపు తిరిగాయి. వానకోసం చేసిన ప్రార్థనకు కూడా అంత గట్టి ఆమేన్ రాలేదు.

బయట మెట్లు దిగుతూ అమ్మ నా భుజం పట్టుకుంది.

"మూడు వారాలూ నువ్వే చదివి తీసేస్తాండావని అనుకుంటి."

"నేనెందుకు తీ..." అని గొంతు లేచింది. మింగేశాను.

"చదవలేదు మా" అన్నాను. "చదవకుండానే తీసేసినా."